లోపల వదిలిన మూడు అంగుళాలు

బాన్సువాడ బస్టాండు వెనక వీధిలో స్కూలు బట్టలు కుట్టే దుకాణం ఒకటుంది. అందులో ఇరవై ఆరేళ్లు కటింగ్ మాస్టరుగా పనిచేశాను. మెడ నరం పట్టి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కడం మొదలయ్యాక, రెండేళ్ల కింద మానేశాను. ఇప్పుడు నాకు యాభై ఆరు. నా బల్ల దగ్గరికి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఒకరు గుడ్డ కోస్తారు, ఇంకొకరు పిల్లలున్న ఇళ్లకు వెళ్లి వస్తారు. గుడ్డ కోయడం చూసి నేర్చుకోవచ్చు. రెండో పనిని కూర్చోబెట్టి చూపించేవాళ్లు లేరు. అందుకని ఇది రాస్తున్నాను.

నా చదువు ఏడో తరగతి. లెక్క నాకు గుడ్డ నేర్పింది. నలభై నాలుగు అంగుళాల వెడల్పున్న తానులోంచి ఎన్ని చొక్కాలు తీయొచ్చో తెలుసుకోవడానికి మొదట్లో పాత పేపర్లు కత్తిరించి నేల మీద పరిచి చూసేవాణ్ణి. కొన్నేళ్లకు పేపర్ల అవసరం లేకపోయింది. కాజాలు కుట్టే రజియా అక్క, "శంకరన్న దారప్పోగు గూడ లెక్కపెట్టినంకనే అన్నం తింటడు" అని అందరి ముందూ అనేది. అందులో అబద్ధం లేదు. నేను చేసిన పెద్ద తప్పు కూడా లెక్క సరిగ్గా వచ్చిన చోటే జరిగింది.

దుకాణానికీ పిల్లలకూ సంబంధం

మా యజమాని ప్రభుదాస్ సారు క్రైస్తవుడు. పొద్దున షట్టరు తీశాక ఐదు నిమిషాలు ప్రార్థన చేసేవాడు. ఇష్టమున్నవాళ్లు నిలబడేవాళ్లు, మిగతావాళ్లం మిషన్లకు నూనె వేసుకునేవాళ్లం. జూన్ నెలలో వీధంతా యూనిఫారాల కోసం తోసుకుంటున్నా ఆదివారం తలుపు తీసేవాడు కాదు.

ఒకసారి చర్చి పెద్దలు వచ్చి, దిక్కులేని పిల్లలకు హాస్టలు కడదాం, మీరు ముందుండండి అన్నారు. ఆయన, "హాస్టలు నడిపేటంత తెలివి నాకు లేదు. నాకొచ్చింది బట్టలు కుట్టుడు. దాంతోని ఏమైతదో చూస్త" అన్నాడు. అప్పటికే జిల్లా పిల్లల సంరక్షణ విభాగంలో పనిచేసే ఒక మేడం మా దగ్గర బట్టలు కుట్టించుకునేది. ఆమె ద్వారా ఈ ఫోస్టర్ కేర్ సంగతి తెలిసింది.

తెలియనివాళ్లకు రెండు మాటలు. తల్లిదండ్రులు లేని పిల్లల్ని, ఉండీ చూసుకోలేని స్థితిలో ఉన్నవాళ్ల పిల్లల్ని హాస్టల్లో కాకుండా ఒక ఇంట్లో ఉంచి పెంచడమే ఇది. దత్తత కాదు. అధికారులు ఇల్లు చూసి, మనుషుల్ని చూసి కాగితం ఇస్తారు. దానికి గడువు ఉంటుంది. సొంతవాళ్లు దొరికి, వాళ్లు చూసుకోగలరని తేలితే పిల్ల వెళ్లిపోతుంది. పెంచే ఇల్లు మొదటి రోజు నుంచీ ఆ సంగతి తెలిసే పెంచాలి. మా దుకాణం మూడు పనులు పెట్టుకుంది: పిల్లలకు బట్టలు, పెంచే తల్లి కూలికి పోకుండా ఇంట్లోనే చేసుకునే కుట్టుపని, శనివారాలు ఎవరో ఒకరు వెళ్లి చూసి రావడం.

ఊళ్లో అనుమానాలు ఉండేవి. చాయ్ బండి దగ్గర ఒకాయన, "ఏందన్నా, మీ సారు పోరగాండ్ల కొలతలు తీస్కొని చర్చికి పంపుతుండట?" అన్నాడు.

"కొలతలు తీసేది నేను. నేను పోయేది మైసమ్మ గుడికి. గాడికి రమ్మంటవా వాళ్లను?" అన్నాను.

ఆ అనుమానానికి మా సారు కూడా కొంత కారణమే. మొదట్లో బట్టల సంచిలో బైబిలు వాక్యాల క్యాలెండరు పెట్టి పంపేవాడు. మేడం ఒకదాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, "సార్, ఆ పిల్ల ఎవరికి మొక్కుతదో మీ పని కాదు. గిది ఇంకోసారి సంచిలో కనబడొద్దు" అంది. సారు రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు క్యాలెండర్ల కట్ట ఇంటికి తీసుకుపోయాడు. తప్పు ఒప్పుకోవడానికి ఆయనకు రెండు రోజులు పట్టేది. నేను చూసిన యజమానుల్లో అది తక్కువ సమయమే.

గుండీల కుప్పలు

పెంచే ఇళ్లకు కుట్టుపని పంపడం మంచి ఆలోచనగానే మొదలైంది. ఒక శనివారం నేను ఒక ఇంటికి వెళ్లేసరికి, వచ్చి మూడు రోజులైనా కాని పదేళ్ల పిల్ల చాప మీద కూర్చుని గుండీలను పదేసి చొప్పున కుప్పలు పోస్తోంది. పద్నాలుగు కుప్పలున్నాయి. ఆ తల్లి సంతోషంగానే, "చెప్పకుండనే చేస్తుంది, బుద్ధిమంతురాలు" అంది.

ఆ పిల్ల బుద్ధికి కాదు, భయానికి చేస్తోంది. పనిచేస్తేనే ఉండనిస్తారని అనుకుంది. అలా అనుకోవడానికి కావలసిన పని మూటను మేమే ఆ ఇంటికి పంపాం. అప్పటి నుంచి, పిల్ల వచ్చిన మొదటి నలభై రోజులు ఆ ఇంటికి ఏ పనీ పంపలేదు. ఆ తర్వాత కూడా గుండీలు ఇక్కడే కుట్టించేవాళ్లం, అంచులు మడిచి చేత్తో కుట్టే పని మాత్రమే పంపేవాళ్లం. ఈ నియమం మీరు మార్చకండి.

ఒక్క తాను

ఇప్పుడు గంగ సంగతి. ఆ పిల్ల అసలు పేరు ఇది కాదు.

గంగకు తొమ్మిదేళ్లు. డోంగ్లి వైపు పిల్ల, ఇంట్లో మరాఠీ, బడిలో తెలుగు. తల్లి చనిపోయింది, తండ్రి జాడ లేదు. వర్ని దగ్గర ఊళ్లో నాగమణి గారి ఇంట్లో ఉంచారు. ఆమెవాళ్లు తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పెట్టుకున్న కుటుంబం. కొడుకు పెద్దవాడై నిజామాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. భర్త మాట తక్కువ మనిషి. గంగ విషయంలో ఆయనది మొదటి నుంచీ సగం ఒప్పుదలే. కాగితం మొదట ఆరు నెలలకే ఇచ్చారు. ఫిబ్రవరిలో మళ్లీ చూసి, ఆ ఇంట్లో ఉంచాలా వేరే చోటికి మార్చాలా అన్నది తేలుస్తారు. వేరే చోటు అంటే ఆ రోజుల్లో జిల్లా కేంద్రంలోని హోం.

ఆగస్టులో కొలతలకు తీసుకొచ్చినప్పుడు, టేపు చూడగానే గంగ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది.

"నకో," అంది.

"వద్దంటోందండీ," అంది నాగమణి గారు.

బలవంతం పెట్టలేదు. టేపు గంగ చేతికే ఇచ్చి, బల్ల అంచు ఎంతుందో చూసి చెప్పమన్నాను. చూసింది. ఆ తర్వాత తనే టేపును తన చాతీ చుట్టూ తిప్పుకుని, "చోవీస్" అంది. ఇరవై నాలుగు రాసుకున్నాను. నా కంటికి ఇరవై మూడున్నర అనిపించింది. ఊపిరి బిగబట్టి చదివింది, అంతే తేడా. బిగబట్టిందే రాసుకోవడం మంచిది, గౌను వదులుగా ఉంటుంది.

ఆ ఏడు మా లెక్కలో పదకొండు మంది పిల్లలున్నారు. క్రిస్మస్‌కు అందరికీ కొత్త బట్టలు ఇద్దామన్నాడు సారు. ఒక్కొక్కరికి ఒక్కో గుడ్డ తీస్తే పదిహేడున్నర మీటర్లు కావాలి. అందరికీ ఒకే తాను తీసుకుని, పెద్ద కొలతల మధ్య సందుల్లో చిన్న కొలతలు ఇరికించి గీస్తే పద్నాలుగు మీటర్లలో అయిపోతుంది. మూడు రోజులు గీసి గీసి అది సాధించాను. ఆకుపచ్చ మీద తెల్ల చుక్కల గుడ్డ. అంత తక్కువ పీలికలు మిగిలిన కోత నా జీవితంలో అదే. సారు పిల్లలందరినీ నిలబెట్టి ఫోటో తీయించి చర్చి గోడకు పెట్టించాడు.

తూము దగ్గర

జనవరి మొదట్లో నాగమణి గారు ఒక్కతే వచ్చింది. సంచిలోంచి ఆకుపచ్చ గౌను తీసి నా బల్ల మీద పెట్టింది. బురద మరకలు ఆరిపోయి ఉన్నాయి.

"ఇది మీ దగ్గరే ఉంచండి మాస్టారూ. మా ఇంట్లో పిల్ల నిలిచేలా లేదు," అంది.

జరిగింది ఇది. వారపు అంగడి రోజు గాజుల దుకాణం దగ్గర గంగ, వేరే ఊరి నుంచి వచ్చిన ఇంకో పిల్ల పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి మీదా అదే గుడ్డ. గాజులమ్మే ఆమె చూసి, "వీళ్లు గా ఇండ్లల్ల పెట్టుకున్న పిల్లలు గదా, ఒక్క తాను పిల్లలు" అంది. పక్కనున్న బడి పిల్లలు విన్నారు. సోమవారానికి బడిలో గంగ పేరు ఒక్క తాను పిల్ల అయింది.

యాసంగి వరికి కాలువ నీళ్లు వదిలారు. గంగ గౌను తీసుకెళ్లి కాలువలో పడేసింది. అది కొట్టుకుపోయి తూము దగ్గర చిక్కుకుంది. నీళ్లు చూసుకునే మనిషి చూసి, పిల్ల పడిపోయిందని అరిచాడు. గంట సేపు ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. నాగమణి గారి భర్త చలికి వణుకుతూ నడుము లోతు నీళ్లలో దిగి వెతికాడు. చివరికి గంగ ఇంటి వెనక గడ్డివామి పక్కన పాత గౌనుతో కనిపించింది.

"మా ఆయన పిల్లను ఒక్క మాట కూడా అనలేదండీ. ఒళ్లు తుడుచుకుని, ఇది మన వల్ల కాదు, ఫిబ్రవరిలో వచ్చినప్పుడు మేడంకి చెప్పేద్దాం అన్నారు. ఆయన భయపడ్డారు. నాకు తెలుసు," అంది.

నేను ఆ గౌను తిప్పి చూశాను. కుట్లు ఎక్కడా పోలేదు. నా పని గట్టిదే.

సారును పిలిచి చెప్పాను. ఆయన గౌను చేతిలోకి తీసుకున్నాడు. "ఫోటో నేను పెట్టించిన," అన్నాడు.

"తాను నేను తీసిన," అన్నాను.

ఈసారి రెండు రోజులు ఆగలేదు. ఆ సాయంత్రమే చర్చికి వెళ్లి ఫోటో దింపించాడు. మర్నాడు ఇద్దరం మోటారుసైకిల్ మీద ఆ ఊరికి వెళ్లాం.

నాగమణి గారి భర్త అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సారు నిలబడే, "తప్పు పిల్లది కాదు. మాది. అది చెప్పిపోదామని వచ్చినం" అన్నాడు. గంగ గుమ్మంలో నిలబడి ఉంది.

నేను ఆమెతో, "గుడ్డ మిగుల్తదని అందరికి ఒక్క తానుల కోసిన బిడ్డా. లెక్క చూసిన గని, మీరు బయట ఎట్ల తిరుగుతరో చూడలే" అన్నాను.

"ఎంత మిగిలింది?" అంది.

"మూడున్నర మీటర్లు."

వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది. "దాంట్ల ఇంక రెండు గౌన్లు వస్తయ్," అంది.

"వస్తయ్. ఇంత ముక్క గూడ మిగుల్తది."

"మరి ఇయ్యలే?"

నాగమణి గారి భర్త నవ్వాడు. ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. "అడిగిందానికి జవాబు చెప్పండి మాస్టారూ," అన్నాడు. ఆయన లేచి మాకు కుర్చీలు వేశాడు. ఫిబ్రవరిలో మేడం వచ్చినప్పుడు, ఉండనివ్వండి అన్నాడట.

చీటీ

ఆ తర్వాత మేము మార్చినవి కొన్నే. పిల్లకు బట్టలు మేం ఎంచి పంపడం మానేశాం. పెంచే తల్లితో కలిసి అందరిలాగే దుకాణానికి వస్తుంది, అందరి వెనకా నిలబడుతుంది, అలమరలోంచి గుడ్డ తనే చూపిస్తుంది, మిగతావాళ్లకు ఇచ్చే చీటీయే తీసుకుంటుంది. చీటీ మీద ఏ గుర్తూ ఉండదు. మొదట్లో నేను మూలకు ఒక చుక్క పెట్టుకునేవాణ్ణి, మర్చిపోకుండా. గంగ తన చీటీని పక్కవాళ్ల చీటీతో పోల్చి చూసి, చుక్క మీద వేలు పెట్టి నా వైపు చూసింది. ఆ చుక్క కూడా తీసేశాను. ఒక్కొక్కరికి ఒక్కో గుడ్డ కాబట్టి ఎక్కువ పట్టేది. పట్టనివ్వండి.

ఆ రోజు గంగ ముదురు నీలం గుడ్డ చూపించింది, మందపాటిది. రంగుల పూలవి పక్కనే ఉన్నాయి. నాగమణి గారు ఇదెందుకే అంటే, "మురికి కనబడది" అంది.

నాగమణి గారు నా వైపు తిరిగి, "నేనెప్పుడూ ఏమీ అనలేదండీ మురికి గురించి" అంది. రజియా అక్క కాజా మిషను ఆపి, "అనకున్నా పిల్లలకు తెలుస్తదమ్మా. నీలమే ఇయ్యి అన్నా, బాగుంటది" అంది.

పిల్లల బట్టలకు కింద మడతలో కొంత గుడ్డ వదులుతాం. పెరిగాక విప్పుకుంటారు. తొమ్మిదేళ్ల పిల్లకు గౌను పొడవు ఏడాదికి ఒకటిన్నర అంగుళం చొప్పున చాలకుండా పోతుందని నా అనుభవం. ఎంత వదలమంటారు అని అడిగాను.

"వద్దులెండి. సరిగ్గా కొలతకే కుట్టండి," అంది నాగమణి గారు. గంగ అవతలికి వెళ్లాక, "ఎంతకాలం ఉంటుందో తెలియదు కదండీ" అంది.

కొలతకే కుట్టాను. పెంచే ఇళ్లన్నీ దాదాపు అలాగే అడుగుతాయి. మొదట్లో అది నిర్లక్ష్యం అనుకునేవాణ్ణి. కాదు. మడత లోపల గుడ్డ ఉంటే, దాన్ని విప్పే రోజు గురించి ఆలోచించాలి. ఆ ఆలోచనను వాళ్లు దూరంగా పెడతారు. మీరు వాళ్లతో వాదించకండి.

మూడు అంగుళాలు

ఏడాదిన్నర గడిచింది. గంగ రెండు తరగతులు దాటింది. నీలం గౌను మోకాళ్ల పైకి పోయింది. ఆ ఎండాకాలంలో గంగ పెద్దమ్మ, అంటే తల్లి అక్క, పనుల కోసం మహారాష్ట్ర పోయి తిరిగి డోంగ్లి దగ్గర ఊరికి వచ్చిందని తెలిసింది. మేడం నాలుగుసార్లు వెళ్లి చూసింది. పిల్లను చూసుకోగలదు, చూసుకోవాలని ఉంది కూడా. గంగను రెండుసార్లు అక్కడికి తీసుకెళ్లి, ఇష్టమేనా అని పిల్లను కూడా అడిగారు. జూన్‌లో వెళ్లాలని నిర్ణయమైంది.

నాగమణి గారు గంగతో వచ్చింది. అదే నీలం గుడ్డ. టేపు గంగే పట్టుకుని చదివింది, ఈసారి తెలుగులో.

"లోపల ఎక్కువ వదలండి," అంది నాగమణి గారు.

నేను తలెత్తి చూశాను. ఉన్నన్నాళ్లూ ఆమె వదలమనలేదు.

"పోయే పిల్ల గదమ్మా," అన్నాను.

"పోయేదే కాబట్టి అడుగుతున్నానండీ. అక్కడ మిషను లేదట, దర్జీ కూడా దూరమట. వాళ్ల పెద్దమ్మ చేత్తో విప్పుకునేలా ఉండాలి."

నేను ఆలోచించాను. మూడు అంగుళాలు ఒకే మడతగా వదిలితే కింద బరువుగా వేలాడుతుంది. ఒకటిన్నర చొప్పున రెండు మడతలు పెట్టాలి. మిషను కుట్టు వేస్తే విప్పేటప్పుడు గుడ్డ చిరుగుతుంది. చేతి టాకాలే వేయాలి. ముందు విప్పాల్సిన దానికి ఎర్ర దారం, తర్వాత విప్పాల్సిన దానికి తెల్ల దారం. నీలం మీద రెండూ చుక్కల్లా బయటికి కనబడతాయి. ఫర్వాలేదా అని గంగను అడిగాను.

"కనబడనీ. ఎర్రది ఈ ఏడు అయినంక, తెల్లది ఇంకో ఏడు అయినంక. పెద్దమ్మకు నేను చెప్త," అంది.

"కత్తెర పెట్టకు. సూదితోని ఒక్కో టాకా లేపాలె," అన్నాను.

మడతలు మా దుకాణంలో కుట్టలేదు. నాగమణి గారే ఇంటికి తీసుకెళ్లి కుట్టింది. నేను గీత గీసి ఇచ్చాను, అంతే. తిరిగి తెచ్చి చూపించినప్పుడు టేపు పెట్టి చూశాను. చుట్టూ ఎక్కడా గీత తప్పలేదు. టాకాలు మాత్రం చాలా వదులుగా ఉన్నాయి. బిగించనా అని అడిగాను.

"వద్దండీ. తేలిగ్గా రావాలి," అంది.

ఆ రెండో మడత

నేను పని మానేసిన ఏడాదికి, మందుల కోసం బాన్సువాడ బస్టాండు మీదుగా వెళ్తున్నాను. బిచ్కుంద వైపు బస్సు ఆగి ఉంది. మెట్ల దగ్గర ఒకామె మరాఠీలో గట్టిగా మాట్లాడుతూ సంచులు అందిస్తోంది. పైనుంచి అందుకుంటున్న పిల్ల గంగ. పొడుగైంది. ఏదో అని పెద్దమ్మను నవ్విస్తోంది.

నేను పిలవలేదు. ఇద్దరి చేతుల నిండా సంచులున్నాయి, బస్సు ఇంజను మొదలైంది. అలవాటు కొద్దీ గౌను అంచు చూశాను. అంచుకు ఒకటిన్నర అంగుళం పైన, పాత మడత అరిగిన చోట, చుట్టూ రంగు వెలిసిన గీత ఉంది. గుడ్డ ఎక్కడా చిరగలేదు. ఎర్ర దారం లేదు.

ఇంటికి వచ్చి నాగమణి గారికి ఫోన్ చేసి, చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె పిల్ల ఎలా ఉందని అడగలేదు.

"రెండోది ఉందాండీ?" అంది.

"ఉందమ్మా. తెల్ల టాకాలు కనబడ్డయి."

వెనక మోటారు చప్పుడు వినిపిస్తోంది.

"అయితే వచ్చే ఏడు కూడా సరిపోతుంది," అంది. మడిలోకి నీళ్లు మళ్లించాలని చెప్పి ఫోన్ పెట్టేసింది.